తుమ్మలపెంట తీరంలో 10×50 బైనాక్యులర్స్: చందమామతో కాదు, సెంటారస్‌తో పరీక్ష పెట్టాను

బైనాక్యులర్స్ రివ్యూలు తెరిస్తే చాలామంది "చందమామ సూపర్‌గా కనిపించాడు" అని ఒక్క ముక్క రాసి ఐదుకి ఐదు ఇచ్చేస్తారు. చందమామ దేంట్లో చూసినా బాగానే ఉంటాడండీ, పిల్లల బొమ్మ దుర్భిణిలో చూసినా బాగుంటాడు. దాన్నిబట్టి సరుకు మంచిదో కాదో ఏం తెలుస్తుంది? అందుకే నేను వేరే పరీక్ష పెట్టాను. మే నెలలో రాత్రి తొమ్మిదీ పదింటికి దక్షిణం వైపు బాగా కిందగా సెంటారస్ అని ఒక పెద్ద నక్షత్రమండలం ఉంటుంది, గ్రీకుల కథల్లో సగం మనిషి సగం గుర్రం. కళ్ళు జిగేల్మనే నక్షత్రాలు, మసకగా ఉండే గుచ్ఛం (నక్షత్రాల గుంపు), అంతకంటే మసక గెలాక్సీ, అన్నీ అందులోనే దొరుకుతాయి. పైగా తేమ గాలిలో, దిగంతానికి దగ్గరగా ఉంటాయి కాబట్టి మంచి బైనాక్యులర్ కూడా అక్కడ చెమటలు కక్కాల్సిందే.

కొన్నది మామూలు 10×50. ఆరు వేల లోపు పడింది. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే నాకు వచ్చిన మొదటి పీసుతో జరిగింది అందరికీ జరుగుతుందని నేను అనలేను, రెండో పీసు బాగుంది కదా అని అన్ని పీసులూ బాగుంటాయని కూడా అనలేను.

కొత్తవాళ్ళ కోసం అంకెల సంగతి చెప్పేస్తా. పది అంటే పది రెట్లు దగ్గరగా చూపిస్తుందని, యాభై అంటే ముందు అద్దం వెడల్పు యాభై మిల్లీమీటర్లని. యాభైని పదితో భాగిస్తే ఐదు, అంటే కంటి దగ్గరకి వచ్చే వెలుగు కట్ట ఐదు మిల్లీమీటర్ల మందం ఉంటుంది. చీకట్లో మన కంటిపాప తెరుచుకునేది కూడా సుమారు అంతే, కాబట్టి వెలుగు వృథా పోదు. ఆన్‌లైన్‌లో "100×180 నైట్ విజన్" అని పన్నెండొందలకి అమ్మేవి ఉన్నాయే, వాటి జోలికి వెళ్ళకండి. నిజంగా 180 అయితే ముందు అద్దం టిఫిన్ ప్లేటంత ఉండాలి. ఫొటోలో చూస్తే టీ గ్లాసు మూతంత కూడా ఉండదు, ఇంక వంద రెట్లు ఎక్కడినుంచి వస్తాయి?

మొదటి పీసు కథ కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ లోపం చాలామందికి తెలియదు, తమ కళ్ళే బాలేవనుకుని మూలన పడేస్తారు. పెట్టె తెరిచి డాబా మీదనుంచి దూరంగా ఉన్న సెల్ టవర్ చూశాను. ఎర్ర లైటు ఒకటి ఉండాల్సిన చోట ఒకదాని పక్కన ఇంకొకటి, రెండు కనిపించాయి. ఫోకస్ ఎంత తిప్పినా కలవవు. ఐదు నిమిషాలు చూసేసరికి కనుబొమల మధ్య నొప్పి మొదలైంది. రెండు గొట్టాలూ ఒకే వైపు చూడకపోతే ఇలా అవుతుంది, దీన్ని కొలిమేషన్ పోవడం అంటారు, పార్సిల్‌లో గట్టిగా కింద పడ్డా చాలు పోతుంది. అమ్మినవాళ్ళకి ఫోన్ చేస్తే అవతలి అబ్బాయి ఎంతో మర్యాదగా "ఒకసారి కళ్ళ డాక్టర్‌కి చూపించుకోండి మేడమ్" అన్నాడు. మార్చి ఇవ్వడానికి మూడు వారాలు పట్టింది, ఈలోగా ఏప్రిల్ అమావాస్య కాస్తా చేజారిపోయింది. షాపులో కొనే వీలుంటే బయటికి తీసుకొచ్చి దూరంగా ఉన్న కరెంటు స్తంభాన్నో గుడి శిఖరాన్నో చూడండి, తర్వాత బైనాక్యులర్‌ని చేయి చాచినంత దూరం పెట్టి కంటి వైపు అద్దాల్లో వెలుగు చుక్కల్ని చూడండి. గుండ్రంగా ఉంటే లోపలి ప్రిజమ్‌లు మంచివి, అంచులు కోసేసి నలుపలకలుగా బూడిద రంగు నీడ కనబడితే చవక రకం. నా రెండో పీసులో గుండ్రంగానే ఉన్నాయి.

చూసిన చోటు మా పుట్టిల్లు, కావలి దగ్గర. పిల్లల వేసవి సెలవులకి వెళ్ళినప్పుడు రాత్రి భోజనాలయ్యాక తుమ్మలపెంట తీరానికి పోయేవాళ్ళం. మే నెలలో ఇంకో లాభం ఉంది, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం, కాబట్టి సముద్రం మీద పడవల లైట్లు దాదాపు ఉండవు. కానీ రొయ్యల చెరువుల గట్ల మీద రాత్రంతా వెలిగే లైట్లు మాత్రం దక్షిణం వైపు ఒక మూల ఆకాశాన్ని పాడు చేశాయి, ఏం చేస్తాం, వాళ్ళ బతుకు వాళ్ళది. ఒకరోజు సాయంత్రం వాన పడి వెలిసింది. ఆ రాత్రి కనిపించినంత బాగా మళ్ళీ కనిపించలేదు. గాలిలో దుమ్మూ ఉప్పుమంచూ కడిగినట్టు పోయి కింద పిడికిలెత్తులో ఉన్న చుక్కలు కూడా నిలకడగా ఉన్నాయి.

అసలు మన దగ్గర్నుంచి ఇవి కనిపిస్తాయా అని అడిగేవాళ్ళు చాలామంది. ఆస్ట్రేలియా వెళ్తే తప్ప కనబడవనుకుంటారు. కావలి అక్షాంశం సుమారు 15 డిగ్రీలు, సెంటారస్‌లో అన్నిటికంటే వెలుగైన నక్షత్రం ఆల్ఫా సెంటారీ దక్షిణంగా దాదాపు 61 డిగ్రీల దగ్గర ఉంటుంది, తొంభైలోంచి రెండూ తీసేస్తే దిగంతం మీద 14 డిగ్రీలు. చేయి చాచి పిడికిలి బిగిస్తే పది డిగ్రీలు, అంటే పిడికిలిన్నర ఎత్తు. హైదరాబాద్‌లో 12, ఆదిలాబాద్‌లో కూడా తొమ్మిదిన్నర దాకా వస్తుంది. ఢిల్లీ వాళ్ళకే పాపం దిగంతాన్ని రాసుకుంటూ పోతుంది.

వెతకడానికి యాప్ అక్కర్లేదు. మన పంచాంగం నక్షత్రాలు తెలిస్తే చాలు. హస్త నాలుగు చుక్కల చతురస్రంలా ఉంటుంది కదా, అది సరిగ్గా దక్షిణం మీదకి వచ్చినప్పుడు దాని కింద నాలుగు పిడికిళ్ళు దిగండి, అక్కడ త్రిశంకు ఉంటుంది, ఇంగ్లీషు వాళ్ళు సదరన్ క్రాస్ అనేది. గంట తర్వాత చిత్త దక్షిణం మీదకి వస్తుంది. దాని కింద మూడు పిడికిళ్ళు దాటి దిగితే సెంటారస్-ఎ గెలాక్సీ, ఇంకో నాలుగున్నర డిగ్రీలు దిగితే ఒమేగా సెంటారీ అనే గుచ్ఛం, మూడూ దాదాపు ఒకే నిలువు గీత మీద ఉంటాయి. ఇది నాకు తెలిసిన రోజు ఎంత ఆశ్చర్యపోయానో. చిన్నప్పటి నుంచీ హస్తా చిత్తా స్వాతీ అని వల్లించడమే తప్ప వాటి కింద ఏముందో ఎవరూ చూపించలేదు.

త్రిశంకుతోనే మొదలుపెట్టాను, ఎందుకంటే అది అద్దం అంచుల్ని పరీక్షించడానికి కొలిచి చేసినట్టు ఉంటుంది. పై నక్షత్రానికీ కింది నక్షత్రానికీ మధ్య ఆరు డిగ్రీలు, నా బైనాక్యులర్‌లో ఒకేసారి కనిపించేది ఆరున్నర. అంటే మొత్తం శిలువ పడుతుంది గానీ రెండు చివరలూ అంచుకి తగులుతాయి. అక్కడే దొరికిపోయింది ఇది. మధ్యలో సూది మొనలా ఉన్న నక్షత్రం అంచుకి పోయేసరికి రెక్కలు విప్పిన తూనీగలా సాగింది. ఈ ధరలో ఇంతకంటే ఆశించకూడదేమో గానీ తెలిసి కొనడం మంచిది. రంగులు మాత్రం బాగా చూపించింది. పై నక్షత్రం గేక్రక్స్ ఎర్రబారిన నారింజ రంగులో, కిందిది ఏక్రక్స్ నీలం తెలుపులో, పక్కపక్కన పెట్టి చూస్తే తేడా పిల్లలు కూడా చెప్పేశారు. ఎడమ వైపు నక్షత్రం దగ్గర జ్యువెల్ బాక్స్ అనే చిన్న గుచ్ఛం ఉంది, పేరు చూసి ఏదో ఊహించుకున్నాను, దీంట్లో చిన్న మసక చుక్కే, నగల పెట్టె చూడాలంటే టెలిస్కోప్ కావాల్సిందే.

త్రిశంకు అనగానే మా నాన్న కుర్చీలోంచి లేచి వచ్చారు. విశ్వామిత్రుడు బొందితో స్వర్గానికి పంపడం, ఇంద్రుడు తోసెయ్యడం, తలకిందులుగా పడుతుంటే ఆగు ఆగు అని మధ్యలో ఆపి దక్షిణాన కొత్త నక్షత్రాలని సృష్టించడం, మొత్తం కథ పిల్లలకి చెప్పేశారు. ప్రాచీన ఖగోళవేత్త టాలెమీ పాత లెక్కలో ఈ శిలువ నక్షత్రాలు సెంటారస్‌లోవే, గుర్రం వెనక కాళ్ళ దగ్గరవి, తర్వాత ఎప్పుడో విడగొట్టారు అని నేను అంటే "మన త్రిశంకుకి గుర్రం కాళ్ళేందమ్మా" అని కోప్పడ్డారు.

శిలువకి ఎడమ పక్కన రెండు పెద్ద నక్షత్రాలు. దగ్గరగా ఉన్నది బీటా, ఇంకాస్త ఎడమగా ఉన్నది ఆల్ఫా సెంటారీ. రెంటికీ మధ్య నాలుగున్నర డిగ్రీల కంటే తక్కువే, రెండూ ఒకేసారి అద్దంలో పడతాయి. ఈ దృశ్యం చూడటానికే కొనొచ్చు అనిపించింది. ఒకటి బంగారు రంగు, ఒకటి నీలం. మామూలు కంటికి జంటలా ఉంటాయి గానీ ఆల్ఫా 4.37 కాంతి సంవత్సరాల దూరంలో మన వీధి చివర ఉన్నట్టు, బీటా సుమారు 390 కాంతి సంవత్సరాల అవతల. అంత దూరంనుంచి కూడా ఆ మాత్రం వెలుగుతోందంటే అది ఎంత నిప్పో చూడండి.

అయితే ఇక్కడ బైనాక్యులర్ తప్పు కూడా కనబడింది. ఆల్ఫా చుట్టూ ఒక పక్క ఊదా, ఇంకో పక్క ఆకుపచ్చ అంచు. అందులో సగం తప్పు గాలిది, అంత కింద ఉన్న నక్షత్రం వెలుగుని మన గాలే రంగులుగా విరుస్తుంది. మిగతా సగం అద్దానిది. చిత్తని చూసినప్పుడు కూడా పలుచగా ఊదా కనిపించింది, అది బాగా పైన ఉంటుంది కాబట్టి గాలి మీదకి నెట్టేయలేం. ఇంకో మాట, ఆల్ఫా నిజానికి రెండు నక్షత్రాలు, సుమారు 80 ఏళ్ళకి ఒకసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. 10×50లో విడిగా కనబడవు, కనబడ్డాయని ఎవరైనా రాస్తే వాళ్ళ పీసుకి కూడా కొలిమేషన్ పోయిందని అర్థం. ఈ జంటని మొదట కనిపెట్టింది ఎక్కడో తెలుసా? పుదుచ్చేరిలో. 1689 డిసెంబర్‌లో జాన్ రిషో అనే ఫ్రెంచి జెసూట్ ఫాదర్ తోకచుక్కని చూస్తూ, దాని దగ్గర్లో ఉన్న ఈ నక్షత్రం ఒకటి కాదు రెండు అని గమనించాడు. మా నెల్లూరు జిల్లాకి దిగువనే, ఇదే తీరం మీద! మూడోది ప్రాక్సిమా, 4.24 కాంతి సంవత్సరాలు, సూర్యుడి తర్వాత మనకి అన్నిటికంటే దగ్గర నక్షత్రం. 1915లో జోహాన్నెస్‌బర్గ్ నుంచి రాబర్ట్ ఇన్నెస్ కనిపెట్టాడు, దాని చుట్టూ ఒక గ్రహం ఉందని 2016లో తేలింది. అంత దగ్గరిదైనా అంత మసకది కాబట్టి ఈ బైనాక్యులర్‌కి అందదు. మా అబ్బాయి దీనికి బాగా నిరాశపడ్డాడు.

ఇక ఒమేగా సెంటారీ. దీని కోసమే ఇదంతా రాస్తున్నాను.

చిత్త కింద దిగుకుంటూ వస్తే దిగంతం మీద 27 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. దొరక్కపోతే అదే ఎత్తులో ఎడమ పక్కన జీటా అనే నక్షత్రం తేలిగ్గా కనిపిస్తుంది, దాన్ని అద్దంలో ఎడమ అంచున పెడితే కుడి వైపు ఇది ఉంటుంది. మామూలు కంటికి మసకబారిన నక్షత్రం, అంతే. అందుకే 1603లో నక్షత్ర పటాలు వేసిన బేయర్ దానికి నక్షత్రాలకి ఇచ్చినట్టే ఒమేగా అని అక్షరం ఇచ్చాడు. 1677లో ఇంగ్లీషు ఖగోళవేత్త హేలీ సెయింట్ హెలీనా ద్వీపం నుంచి చూసి ఇది నక్షత్రం కాదు, మబ్బు తునక లాంటిదని రాసుకున్నాడు. 10×50లో నాకు కనిపించింది హేలీ చెప్పినదే. పత్తి ఉండని వేళ్ళతో మెల్లగా పీకినట్టు, నడుమ చిక్కగా, అంచులకి పోయేకొద్దీ పలచబడుతూ, ఎక్కడ అయిపోయిందో చెప్పలేం. ఫొటోల్లో ఇది నిండు చందమామంత వెడల్పు, నాకు అందులో సగం కనిపించింది. నక్షత్రాలు విడివిడిగా కనబడవు, ఆ ఆశ పెట్టుకోవద్దు. కానీ నేరుగా కాకుండా కాస్త పక్కకి చూస్తూ ఉంటే అంచుల్లో చిన్న గరుకుదనం, చక్కెర పాకం గట్టిపడబోయే ముందు పలుకులు కట్టినట్టు, ఉందా లేదా అన్నట్టు అనిపించింది. ఒకవేళ ఉందని తెలుసు కాబట్టి అనిపించిందేమో కూడా.

అక్కడ దాదాపు కోటి నక్షత్రాలు ఉన్నాయి, 17 వేల కాంతి సంవత్సరాల అవతల. మన పాలపుంతలో ఇంత పెద్ద గోళాకార గుచ్ఛం ఇంకోటి లేదు. అసలిది గుచ్ఛమే కాదు, పాలపుంత ఎప్పుడో మింగేసిన చిన్న గెలాక్సీలో మిగిలిన గింజ అని చాలామంది శాస్త్రవేత్తల అనుమానం. 2024లో హబుల్ టెలిస్కోప్ ఇరవై ఏళ్ళ ఫొటోలు పోల్చి చూస్తే నడిమధ్యలో ఏడు నక్షత్రాలు మామూలుగా ఉండాల్సిన దానికంటే వేగంగా పోతున్నాయని తేలింది, అంటే అక్కడ కనీసం 8,200 సూర్యుళ్ళ బరువున్న బ్లాక్ హోల్ ఉండాలని ఆ శాస్త్రవేత్తల లెక్క. ఇదంతా నాన్నకి చెబుతూ బైనాక్యులర్ ఇచ్చాను. ఆయనకి కంట్లో శుక్లం ఆపరేషన్ అయి రెండేళ్ళు, కళ్ళద్దాలు తీయకుండానే పెట్టుకున్నారు. కంటి దగ్గరి రబ్బరు మడతపెడితే అద్దాలవాళ్ళకి కూడా చాలావరకు కనిపిస్తుంది, అంచులు కొంచెం పోతాయి, ఇది ఒక ప్లస్. కాసేపు వెతికి "యాడమ్మా... ఆ, దొరికింది. పొగ మాదిరి ఉండాది" అన్నారు. తర్వాత చాలాసేపు తిరిగి ఇవ్వలేదు.

సెంటారస్-ఎ సంగతి అంత సుఖంగా సాగలేదు. ఒమేగాకి పైన నాలుగున్నర డిగ్రీలే, రెండూ ఒకే చూపులో పట్టాలి. మొదటి రెండు రాత్రులు ఏమీ కనబడలేదు. వాన వెలిసిన రాత్రి మాత్రం, అదీ చేతులు కదలకుండా పుట్టింటి మేడ పిట్టగోడ మీద దిండు వేసి దాని మీద ఆనించి చూస్తే, ఒక వేలిముద్ర మరక లాంటిది కనిపించింది. అద్దం మీద మరకేమో అని తుడిచి మళ్ళీ చూశాను, అక్కడే ఉంది. 1826లో జేమ్స్ డన్‌లప్ ఆస్ట్రేలియాలోని పారమట్టా నుంచి కనిపెట్టిన గెలాక్సీ అది. దాని వెలుగు బయల్దేరి ఇప్పటికి కోటీ ఇరవై లక్షల ఏళ్ళు అయిందట. ఫొటోల్లో కనిపించే నల్లటి దుమ్ము పట్టీ నాకు కనబడలేదు. ఎవరైనా మొదటి రాత్రే కనబడాలని కొంటే డబ్బు వాపసు అడుగుతారు, కాబట్టి ముందే చెబుతున్నా.

రోహిణీ కార్తెలో ఆ మేడ మీద చెమటలు కారుస్తూ నిలబడినప్పుడు గుర్తొచ్చింది, ఇప్పటిదాకా తెలిసిన సహజమైన చోట్లలో అన్నిటికంటే చల్లనిది కూడా ఈ సెంటారస్‌లోనే ఉంది. బూమరాంగ్ నెబ్యులా అనే వాయుమేఘం, మైనస్ 272 డిగ్రీలు. అదీ కనబడదు లెండి దీంట్లో.

చేతుల సంగతి చెప్పాలి. బరువు ముప్పావు కిలో దాటింది, పది రెట్లు పెంచే ఏ బైనాక్యులర్ అయినా చేతి వణుకుని కూడా పది రెట్లు పెంచుతుంది. రెండు నిమిషాలకి నక్షత్రాలు నాట్యం మొదలుపెడతాయి. సెంటారస్ కిందగా ఉండటం ఇక్కడ కలిసొచ్చింది, మెడ ఎత్తక్కర్లేదు, కుర్చీలో కూర్చుని మోచేతులు మోకాళ్ళ మీద ఆనిస్తే చాలు. అయినా ట్రైపాడ్ ఉంటే కనబడేది సగం మెరుగవుతుంది. మధ్య కీలు ముందు చిన్న మూత విప్పితే స్క్రూ మర కనిపిస్తుంది, దానికి ఎల్ ఆకారంలో అడాప్టర్ విడిగా కొనాలి. పెట్టెలో ఇవ్వలేదు, బొమ్మలో మాత్రం ఉంది.

మిగతావి గబగబా. మెడ తాడు సన్నం, కోస్తుంది, మార్చేశాను. ముందు మూతలు వదులు, ఇసకలో ఒకటి పోయింది. సంచి పరవాలేదు. ఫోకస్ చక్రం మొదటి వారం బిగుతుగా ఉండి తర్వాత సాఫీ అయింది. సముద్రం దగ్గర వాడాక అద్దాల మీద ఉప్పు పొర పడుతుంది, పంచె కొంగుతో రుద్దకండి, గీతలు పడతాయి, ముందు ఊది తర్వాతే మెత్తటి గుడ్డ. ఇంట్లో పెట్టేటప్పుడు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి, మన తీరం తేమకి లోపల బూజు పడితే బాగు చేయించేవాళ్ళు దొరకడం కష్టం.

హైదరాబాద్ తిరిగొచ్చాక మా అపార్ట్‌మెంట్ మీదనుంచి కూడా ప్రయత్నించాను. ఆల్ఫా బీటా రెండూ ఎదురు బ్లాకు వాటర్ ట్యాంకు వెనకే అస్తమించాయి. ఒమేగా కనిపించింది, కానీ కావలిలో చూసిన దాంట్లో పావు వంతు, తెలియనివాళ్ళకి చూపిస్తే మొహమాటానికి "ఆఁ ఆఁ" అంటారు. సెంటారస్-ఎ ఊసే లేదు. కాబట్టి సిటీలో ఉండి సిటీలోనే చూడాలనుకునేవాళ్ళు ఇది కొని నన్ను తిట్టుకోవద్దు. ఊరు, డాబా, దక్షిణం వైపు ఖాళీ, ఈ మూడూ ఉన్నవాళ్ళకి మాత్రం, టెలిస్కోప్ కొందామని ఇరవై వేలు పట్టుకుని తిరుగుతున్నా సరే, ముందు ఇదే కొనమంటాను. ఐదుకి నాలుగు. ఆ ఒక్కటీ తగ్గించింది అంచులకీ, అడాప్టర్ బొమ్మకీ. మూడు వారాల మార్పిడి గొడవకి కూడా తగ్గించేదాన్నే, కానీ అది అమ్మినవాళ్ళ తప్పు, సరుకుది కాదు.

ఇప్పుడది నాన్న దగ్గరే ఉండిపోయింది, పొద్దున కొంగలు చూస్తున్నారట, రాత్రి త్రిశంకు. నా కోసం ఇంకోటి ఆర్డర్ పెట్టాను, అదే మోడల్, ఈసారి అడాప్టర్‌తో కలిపి.